డబ్బా అడుగున రంధ్రం

ఆ రోజుల్లో నాకు ఏ సంగతి చెప్పాలన్నా ముందు జాబితా రాసుకోవడం అలవాటు. ఆ అలవాటు ఇప్పటికీ పూర్తిగా పోలేదు. అందుకని, సైనిక్‌పురిలో ఒక మేడ మీద ఆ డబ్బా మూత తెరిచిన ఉదయం అక్కడ ఎవరెవరు ఉన్నారో, ఏమేమి ఉన్నాయో ముందే చెప్పేస్తాను. మనుషులు ముగ్గురు: నేను, మా చాచా, ఆ ఇంటి మేడమ్. నాలుగో మనిషి కర్నల్ సార్ కింద వరండాలో కొత్త మోకాలు ముందుకు చాచుకుని కూర్చున్నారు. ఆయన గొంతు మాత్రం మేడ మీదే ఉంది కాబట్టి నలుగురని రాసుకున్నా తప్పు లేదు. వస్తువులు: ఇనుప గొట్టానికి బిగించిన చిన్న సోలార్ ప్యానెల్ ఒకటి, వాన కొలిచే కొత్త యంత్రం ఒకటి, వాన కొలిచే పాత రాగి పాత్ర ఒకటి, గీతలున్న కొలత గ్లాసు ఒకటి, స్క్రూడ్రైవర్లు మూడు, గొడుగు ఒకటి, బ్యాటరీ పెట్టిన బూడిదరంగు ప్లాస్టిక్ డబ్బా ఒకటి. ఆ డబ్బాలో బ్యాటరీతో పాటు, నా జాబితా ప్రకారం ఎట్టి పరిస్థితుల్లోనూ ఉండకూడనిది ఇంకొకటి ఉంది. నీళ్లు.

అక్కడిదాకా ఎలా వచ్చామో చెప్పాలంటే ఒక వారం వెనక్కి వెళ్లాలి. నాకప్పుడు ఇరవై ఒక్క ఏళ్లు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా పూర్తయిన కొత్త. రాంగోపాల్‌పేట్ సందులో చాచా దుకాణంలో చేరి అప్పటికి నాలుగు నెలలు. చాచా నాకు బంధువేమీ కాదు, సందులో అందరికీ ఆయన చాచాయే. మొదట రేడియోలు, తర్వాత టీవీలు, తర్వాత ఇన్వర్టర్లు బాగుచేసి, చివరికి సోలార్ దీపాల దగ్గరికి వచ్చి ఆగారు. ఆయన చదివింది ఐదో తరగతి. నేను చేరిన మొదటి వారంలోనే దుకాణంలోని మరలన్నిటినీ పొడవు ప్రకారం సీసాల్లో సర్ది, సీసాలకు నంబర్లు అంటించి, నంబర్ల జాబితా గోడకు తగిలించాను. (మా అమ్మ సరుకుల చీటీ ఇస్తే, దాన్ని దారిలో వచ్చే కొట్ల వరసలో తిరగరాసుకుని గానీ గడప దాటేవాణ్ణి కాదు. అమ్మ దీన్ని రోగమనేది.) చాచా ఆ జాబితాను కళ్లజోడు పైకెత్తి చదివి, "మాషా అల్లా! ఇన్ని దినాలు మరలే ఉన్నయనుకున్న, వాటికి నంబర్లు సుత ఉన్నయా?" అన్నారు. ఆ రోజు నుంచి నా పేరు చిట్టీ సాబ్.

కర్నల్ సార్ మా దుకాణానికి వచ్చింది జూలై మొదటివారంలో, ఒక చేత్తో కర్ర, చంకలో లావుపాటి రిజిస్టరుతో. సైన్యం నుంచి రిటైరై సైనిక్‌పురిలో ఇల్లు కట్టుకున్నప్పటి నుంచి ఆయన రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు మేడెక్కి, రాగి పాత్రలో పడ్డ వానను గ్లాసులో కొలిచి ఆ రిజిస్టరులో రాస్తున్నారు. ఎవరూ అడగలేదు, ఎవరికీ పంపరు. ఇరవై ఆరేళ్లుగా రాస్తున్నారు.

"ఇందులో ఒక్క ఖాళీ చూపించు బాబూ," అని రిజిస్టరు నా ముందు తెరిచారు. నేను నిజంగానే పేజీలు తిప్పి వెతికాను. ఏప్రిల్, మే నెలల నిండా సున్నాలు.

"వాన లేని రోజు కూడా రాస్తారా సార్?"

"రాయకపోతే ఎలా? సున్నా వేరు, ఖాళీ వేరు. సున్నా అంటే వెళ్లి చూశాను, వాన లేదు అని. ఖాళీ అంటే వెళ్లి చూడలేదు అని."

ఆ మాటకు నేను అప్పటికప్పుడే ఆయన భక్తుణ్ణయిపోయాను. నా జీవితంలో జాబితా గురించి అంత గొప్ప మాట ఎవరూ చెప్పలేదు. ఆయన ఇబ్బంది ఏమిటంటే, శనివారం మధ్యాహ్నం మోకాలి ఆపరేషన్‌కు ఆసుపత్రిలో చేరాలి. వారం అక్కడ. ఇంటికొచ్చాక ఇంకో నెలన్నర మెట్లెక్కకూడదు. అందుకని వాన చినుకులను తనంతట తానే లెక్కపెట్టి గుర్తుంచుకునే చిన్న యంత్రమొకటి తెప్పించుకున్నారు. దానికి కరెంటు కావాలి. మేడ మీద కరెంటు లేదు. కాబట్టి ప్యానెల్, బ్యాటరీ, ఆ బ్యాటరీ వానకు తడవకుండా ఒక డబ్బా: ఇదీ మా పని.

"యంత్రం ఆగితే నా రిజిస్టరు ఆగినట్టే," అన్నారు వెళ్తూ వెళ్తూ. "మోకాలు పోయినా ఫర్వాలేదు గానీ, అది పోకూడదు."

డబ్బా తయారుచేసింది చాచాయే. శుక్రవారం పొద్దున దానికి వైరు పోయేందుకు పక్కన ఒక రంధ్రం, గోడకు బిగించేందుకు వెనక బయటికున్న నాలుగు చెవులకు రంధ్రాలు పొడిచి, "చిట్టీ సాబ్, మిగిలింది నువ్ చూసుకో. నాకు నడుములు పట్టినయ్, రేపు నేను రాను, నువ్వే పోయి పెట్టిరా," అని నాకు అప్పగించి నమాజుకు వెళ్లారు. మొదటిసారి ఒక పని మొత్తం నా చేతికి వచ్చింది. నేను జాబితా రాశాను. పద్నాలుగు అంశాలు. మూత అంచున రబ్బరు సరిగా కూర్చుందా, మరలన్నీ సమానంగా బిగిశాయా, వైరు చుట్టూ సిలికాన్ పూశామా వగైరా. తొమ్మిదో అంశం దగ్గర డబ్బాను తిరగేసి చూస్తే, అడుగున మూలగా ఇంకో రంధ్రం కనిపించింది. పెసర గింజ పట్టేంత. దాంట్లోంచి ఏ వైరూ పోదు. ఏ మరా ఎక్కదు. జాబితా పక్కన నేను గీసుకున్న డబ్బా బొమ్మలో అది లేదు.

నేను ఆలోచించాను. (ఆలోచించానని గట్టిగా చెప్పగలను, ఎందుకంటే దానికి కాగితం మీద సాక్ష్యం ఉంది.) పెద్దాయనకు చూపు తగ్గుతోంది, డ్రిల్లు జారి ఉంటుంది, పాపం గమనించలేదు అనుకున్నాను. ఆయన తిరిగొచ్చాక అడగవచ్చు. కానీ అడిగితే ఆయన మనసు కష్టపెట్టుకుంటారేమో! అందుకని ఆయన తప్పును నేనే పెద్దమనసుతో కప్పిపెట్టాలని నిర్ణయించుకుని, ఆ రంధ్రాన్ని ఎపాక్సీ ముద్దతో పూడ్చి, మీద సిలికాన్ పూసి, దాని మీద ఇంకోసారి పూసి, తొమ్మిదో అంశానికి ఎదురుగా 'లోపం సరిచేయబడినది' అని రాశాను. అది ఆరాక దుకాణం వెనకున్న నీళ్ల బకెట్లో డబ్బాను మునిగేలా పెట్టి, మీద ఇటుక బరువుంచి, గంటసేపు గడియారం చూస్తూ కూర్చున్నాను. వైరు రెండో కొస మాత్రం బకెట్ బయట వేలాడుతోంది. ఆ సంగతి ఎక్కడా రాసుకోలేదు. రాయాల్సినంత విషయం అనిపించలేదు.

గంట తర్వాత తెరిస్తే లోపల వేసిన కాగితం ముక్క ఎండుటాకులా పొడిగా ఉంది. నేను ఆ కాగితాన్ని పర్సులో దాచుకున్నాను.

శనివారం పొద్దున్నే డబ్బాను ఒళ్లో పెట్టుకుని బస్సులో సైనిక్‌పురి వెళ్లాను. సన్నగా ముసురు పడుతోంది. మేడ మీద గొట్టం పైన ప్యానెల్ బిగించి, కింద గోడకు డబ్బా బిగించి, డబ్బా నుంచి వైరును నిటారుగా, గీత గీసినట్టు ప్యానెల్ దాకా తీసుకెళ్లాను. చూడముచ్చటగా ఉంది. ప్యానెల్ దగ్గర వైరు కొస తొడుగు ఒలిచి, రాగి తీగలను అతికించి, పైన టేపు చుట్టాను. సార్ చివరిసారిగా మెట్లెక్కి వచ్చి తనిఖీ చేశారు.

"వాటర్‌టైట్?"

"వంద శాతం సార్. గంటసేపు నీళ్లలో ముంచి చూశాను."

మేడమ్ ఆయన వెనకే గొడుగు పట్టుకుని నిలబడ్డారు. మిషన్ బడిలో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. (బోర్డు వైపు తిరిగి ఉన్నా వెనక బెంచీలో ఎవరు నవ్వారో చెప్పగల రకం.) "నీళ్లు పోవు సరే, గాలి కూడా పోదా అబ్బాయ్?" అని అడిగారు.

"గాలి కూడా పోదు మేడమ్," అన్నాను గర్వంగా.

"మేం పచ్చడి జాడీకి కూడా గుడ్డే కడతాం. ఇంతలా బిగించం," అన్నారావిడ.

"పచ్చడి వేరు, ఎలక్ట్రానిక్స్ వేరు," అన్నారు సార్ నా తరఫున. ఆ మధ్యాహ్నమే ఆయన్ను ఆసుపత్రికి తీసుకెళ్లారు.

ఆ వారం సికింద్రాబాద్‌లో ఒక్క గురువారం తప్ప రోజూ వాన పడింది. మా సందులో ఆటోలు చక్రాలు మునిగి ఆగిపోయాయి. దుకాణం ముందు చాచా చాయ్ తాగుతూ, "ఏం వాన బేటా! ఇట్ల పడితే కర్నల్ సాబ్ రిజిస్టర్ల అంకెలు పడతయా?" అంటుంటే, నేను అక్కడ మేడ మీద నా డబ్బా నిబ్బరంగా కూర్చుని చినుకు చినుకునూ లెక్కపెడుతున్నట్టు ఊహించుకుని ముసిముసిగా నవ్వుకునేవాణ్ణి. వాన ఎంత పెరిగితే నాకు అంత ఆనందం.

మళ్లీ శనివారం వచ్చింది. ముందు రోజు సాయంత్రమే సార్ ఇంటికి చేరారు. అంకెలు తీసి చూపించమని కబురు. నా పనితనం చాచా కూడా చూడాలని బతిమాలి తీసుకెళ్లాను. చాచా స్కూటర్ వెనక కూర్చుని దారంతా బకెట్ పరీక్ష గురించి చెప్పాను. ఆయన హెల్మెట్ లోంచి "మంచిది, మంచిది" అంటూనే ఉన్నారు.

వరండాలో సార్ ఆసుపత్రి మీద ఫిర్యాదులు చెబుతున్నారు: పరుపు మెత్తన, నర్సు గొంతు గట్టి, అన్నిటికన్నా ఘోరం, ఇంటి నుంచి రావాల్సిన ఇడ్లీ రోజూ పది దాటాక చల్లారిపోయి వచ్చింది. మేడమ్ వినిపించుకోనట్టు మా ముందు మెట్లెక్కారు.

నాలుగు మరలు విప్పి మూత ఎత్తాను. బ్యాటరీ సగం దాకా నీళ్లలో ఉంది. ఆకుపచ్చ చిలుం పట్టిన తీగల మధ్య ఒక చిన్న పురుగు ప్రశాంతంగా ఈదుతోంది. యంత్రం చివరిసారి లెక్క రాసుకున్నది పోయిన ఆదివారం ఉదయం. సోమవారం నుంచి ఏమీ లేదు.

చాచా వంగి డబ్బా అడుగున వేలు పెట్టి తడిమారు. నా ఎపాక్సీ ముద్ద వేలికి తగిలింది. ఒక్క క్షణం కళ్లు మూసుకున్నారు.

"ఈడ సూరాఖ్ పెట్టిన గద బేటా. ఏమాయె?"

"మీ... మీ డ్రిల్లు జారిందనుకున్నాను చాచా. ఆ రంధ్రం పూడ్చేశాను."

"నలభై ఏండ్ల సంది ప్రతి డబ్బాకు గదే జాగల జారుతున్నదా?"

తర్వాత ఆయన ప్యానెల్ దగ్గరికి వెళ్లి నేను చుట్టిన టేపు విప్పి, వైరు కొస చూపించారు. పైన తొడుగుకీ లోపలి తీగలకీ మధ్య సందుంది. వాన నీళ్లు టేపు కిందుగా ఆ సందులోకి దిగి, నేను నిటారుగా గీసిన ఆ అందమైన గీత వెంబడి, గొట్టంలో పారినట్టు తిన్నగా డబ్బాలోకి వచ్చాయి. బయటి సిలికాన్‌ను అవి ముట్టుకోను కూడా లేదు. బకెట్ పరీక్షలో ఆ కొస బయట వేలాడుతూ నవ్వుకుని ఉంటుంది.

"బయటి నీళ్లు లోపలికి రాకుండ నువ్ మంచిగనే ఆపినవ్ చిట్టీ సాబ్," అన్నారు చాచా. "లోపటి నీళ్లు బయటికి పోకుండ సుత గంత మంచిగనే ఆపినవ్. నీళ్లంటే ఎట్లనన్న వస్తయ్ బేటా. వైరెంబడి వస్తయ్, లేకపోతే లోపటి గాలే చల్లబడి చెమట పడుతది. రావద్దంటే వినయ్. పొయ్యేతందుకు తొవ్వ పెట్టాలె, గంతే."

మేడమ్ కొలత గ్లాసు అందించారు. చాచా డబ్బాను వంచి నీళ్లు అందులో పోశారు. గ్లాసు నిండింది, మళ్లీ పోశారు, మళ్లీ నిండింది. "వాన లెక్క అడిగిన్రు గద మేడమ్. గిదిగో, మావోడు దాచిపెట్టిండు," అన్నారు. మేడమ్ పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నాకు మాత్రం ఆ మేడ మీంచి దూకితే ఎన్ని సెకన్లు పడుతుందో లెక్క వస్తోంది.

అప్పుడు కింద నుంచి గొంతు వచ్చింది. "ఎంత?"

నేను దిగి వెళ్లాను. మెట్లు పద్దెనిమిది. ఆయన ఒళ్లో రిజిస్టరు తెరిచి, పెన్ను మూత తీసి సిద్ధంగా ఉన్నారు. ఆదివారం నుంచి శనివారం దాకా తేదీలు ముందే వేసుకున్నారు. వాటి ఎదురుగా ఏడు గళ్లు తెల్లగా ఉన్నాయి.

"సార్, యంత్రం ఆగిపోయింది. తప్పు చాచాది కాదు, నాది. ఆదివారం ఒక్కరోజే ఉంది."

ఆయన కోప్పడి ఉంటే బాగుండేది. ఆ ఒక్క అంకె అడిగి రాసుకుని, పెన్నుకు మూత పెట్టి, మిగిలిన ఆరు గళ్లనూ చూస్తూ కూర్చున్నారు. నాకు తోచింది అన్నాను: "పేపర్లో బేగంపేట వాన లెక్క రోజూ వేస్తారు సార్. అది రాసుకుంటే..."

"బేగంపేటలో పడ్డ వాన నా మేడ మీద పడ్డట్టు ఎలా రాస్తాను బాబూ?" అన్నారు మెల్లగా. కసురుకోలేదు. అదే ఎక్కువ బాధ.

మేడమ్ మెట్లు దిగి, లోపలికి వెళ్లి, ఒక పాత బడి నోటుపుస్తకంతో బయటికొచ్చి ఆయన ఒళ్లో పెట్టారు. "సోమవారం పదకొండు పాయింట్ నాలుగు," అన్నారు. "మంగళవారం ముప్పై ఆరు పాయింట్ ఎనిమిది. రాసుకోండి."

సార్ తలెత్తారు. "ఎవరు కొలిచారు?"

"ఈ ఇంట్లో ఇంకెవరున్నారు?"

"ఎన్ని గంటలకు?"

"ఎనిమిదిన్నరకు. ఇరవై ఆరేళ్లుగా ఎనిమిదిన్నరకే కదా ఈ ఇంట్లో ఇడ్లీ చల్లారేది, నాకు తెలియదా?"

"గ్లాసు కంటికి సమానంగా పెట్టి చూశావా, పైనుంచి చూశావా?"

"ఏమండీ, ముప్పై ఏళ్లు పిల్లలకు కొలతలు చెప్పినదాన్ని. గోడ మీద పెట్టి, వంగి, నా నడుము విరిగేలా చూశాను. అందుకే ఆసుపత్రికి ఆలస్యమైంది. ఇడ్లీ చల్లారిందని అక్కడ అందరి ముందూ అరిచారు కదా, ఎందుకో ఇప్పుడు తెలిసిందా?"

సార్ పెన్ను మూత మళ్లీ తీశారు. (చాచా తర్వాత దారిలో అన్నారు: "ఫౌజీ మనిషి సరెండర్ చేసుడు నేను మొదటిసారి చూసిన.")

"గురువారం?" అన్నారాయన.

"సున్నా. సున్నా అనే రాశాను. ఖాళీ వదల్లేదు."

నేను ఉండబట్టలేక అడిగాను, నా డబ్బా మీద నమ్మకం లేకనా మేడమ్ అని. "గాలి కూడా పోదన్నావు చూడు, అప్పుడే అనుమానం వచ్చింది అబ్బాయ్," అన్నారు. తర్వాత "ఆపరేషన్‌కు లోపలికి తీసుకెళ్తూంటే చెయ్యి పట్టుకున్నారు. ఏదో చెబుతారనుకున్నాను. వాన పడుతోందా అని అడిగారు," అన్నారు. సార్ రిజిస్టరులో తల దూర్చి, ఆరు అంకెలూ ఎక్కించి, పెన్ను ఆవిడకు ఇచ్చారు. కొలిచినవాళ్లే ఎదురుగా పొడి అక్షరాలు వేయాలట, అది నియమం. ఆవిడ జవాబు పత్రాల మీద వేసినట్టు ఆరుసార్లు చకచకా వేశారు.

చాచా ఆ రోజే మేడ మీద డబ్బా అడుగున మళ్లీ రంధ్రం పొడిచి, చీమలు దూరకుండా పాత దోమతెర ముక్క అతికించి, వైరును డబ్బా కన్నా కిందికి వంచి మళ్లీ పైకి తెచ్చి పక్కనున్న పాత రంధ్రంలోంచే లోపలికి పంపారు. అలా చేస్తే నీటిబొట్టు వంపు దగ్గరే జారి కింద పడిపోతుంది. ప్యానెల్ దగ్గర కొసను కూడా మూసేశారు. కొత్త బ్యాటరీ పెట్టారు. నేను కాగితం తీస్తే, "రాసుకో. కాని మొదలు అడుగు, తర్వాత రాసుకో," అన్నారు. నన్ను పనిలోంచి తీసేయలేదు. పైగా దుకాణంలో ఏ రంధ్రం కనిపించినా "చిట్టీ సాబ్, గిది పూడ్చకు, గిది కిటికీ," అని మూడేళ్లు చెప్పారు.

ఇప్పుడు చాచా దుకాణం లేదు, ఆయన ఇంట్లోనే ఉంటున్నారు. నేను ఎక్కడ కొత్త డబ్బా బిగించినా సాయంత్రం ఫోన్ చేస్తాను. సలాములయ్యాక ఆయన అడిగే మొదటి మాట "సూరాఖ్ పెట్టినవా?" అని. ఏటా జూన్‌లో సైనిక్‌పురి వెళ్లి ఆ డబ్బాను విప్పి తుడిచి వస్తాను. యంత్రం చక్కగా పనిచేస్తోంది. అయినా మేడమ్ ఎనిమిదిన్నరకు మేడెక్కడం మానలేదు. మోకాలు కుదుటపడ్డా సార్ మెట్ల జోలికి పోలేదు. కింద కుర్చీలో కూర్చుని "ఎంత?" అని అరుస్తారు, ఆవిడ పైనుంచి అంకె అరుస్తారు, ఆయన రాస్తారు. ఇడ్లీ ఇద్దరికీ చల్లారుతుంది.

పోయిన నెల వాళ్లిద్దరూ బంధువుల పెళ్లికి రెండు రోజులు ఊరెళ్తూ నాకు ఫోన్ చేశారు. తాళంచెవి పక్కింట్లో ఇచ్చాం, ఆదివారం పొద్దున ఒకసారి వెళ్లిరా అన్నారు సార్.

"యంత్రం ఉంది కదా సార్?"

"ఉంది. నువ్వు కూడా ఉండు."

ఎనిమిది గంటల ఇరవై నిమిషాలకే మేడ మీదికి చేరాను. ఆకాశం తెల్లగా, పిట్టగోడ పొడిగా ఉంది. డబ్బా కిందికి వంగి రంధ్రాన్ని చూశాను. దోమతెర ముక్క పాతబడింది, రంధ్రం తెరిచే ఉంది. బకెట్ ముందు గడియారం పట్టుకుని కూర్చున్న ఆ ఇరవై ఒక్క ఏళ్ల కుర్రవాడు గుర్తొచ్చాడు. వాడి పర్సులోని ఆ పొడి కాగితం ముక్క ఇంకా నా దగ్గరే ఉంది. పారేయబుద్ధి కాలేదు. ఎనిమిదిన్నర అయింది. రాగి పాత్ర మీది గరాటు తీసి, పాత్రను గ్లాసులోకి వంచి, గోడ మీద పెట్టి, కంటికి సమానంగా వంగి చూశాను. కిందికి దిగి రిజిస్టరు తెరిచి తేదీ వేశాను, నా పొడి అక్షరాలు వేశాను, గడిలో అంకె రాశాను.

0.0